ప్రేమ నవలలు, మంత్రాల నవలలు – మేము చదివినంతలో

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమంటే సాధారణంగా చదువు విలువ, క్రమశిక్షణ, సమయపాలన అని రాస్తారు. ఆ వ్యాసాలు ఈ సంచికలో రాయడానికి వేరేవాళ్ళు ఉన్నారు కనుక మేము ఇంకో సంగతి ఎత్తుకుంటున్నాం. మన హాస్టల్లో ట్రంకు పెట్టెల అడుగున, బట్టల మడతల మధ్య, వార్డెన్ మేడం కంట పడకుండా దాచుకునే పుస్తకాల సంగతి. అవి గైడ్లు కావని అందరికీ తెలుసు. మేడం గారికీ తెలుసని మా అనుమానం. ఎందుకంటే ఒకసారి తీసుకున్న పుస్తకాన్ని ఆవిడ వారం రోజుల తర్వాత గానీ తిరిగి ఇవ్వలేదు!

ముందు 'మేము' ఎవరమో చెప్పాలి. ఆరో తరగతిలో ఇక్కడ చేరి, పదో తరగతి దాకా ఇదే వరండాలో స్టడీ అవర్ చేసి, ఇప్పుడు పీజీ చదువుతున్నవాళ్ళం. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చినవాళ్ళలో మొదటివాళ్ళం మేమే. ఇంట్లో పుస్తకం అంటే బ్యాంకు పుస్తకం, లేదంటే ఉపాధి హామీ జాబ్ కార్డు. కథల పుస్తకం అనేదాన్ని మేము మొదట చూసింది ఇక్కడే. కాస్మొటిక్ ఛార్జీల డబ్బుల్లో మిగుల్చుకొని పాత పుస్తకాల బండి మీద కొన్నవి కొన్ని, వెళ్ళిపోతూ అక్కలు వదిలేసినవి కొన్ని. వాటిలో ఎక్కువ భాగం రెండు రకాలే. ఒకటి ప్రేమ నవల, రెండోది చేతబడి, దెయ్యం ఉన్న నవల.

ప్రేమ నవల అనగానే యద్దనపూడి సులోచనారాణి గారే. 1940లో కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టారు, 2018లో అమెరికాలో కన్నుమూశారు. ఆవిడ 'సెక్రటరీ' 1960లలో జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా వచ్చి, తర్వాత పుస్తకమైంది, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. 'మీనా', 'జీవన తరంగాలు' రెండూ 1973లోనే సినిమాలయ్యాయి. అంటే మన అమ్మమ్మల కాలంలో చదువు వచ్చిన ఆడవాళ్ళు వీటిని చదివారు, చదువు రానివాళ్ళు తెర మీద చూశారు. మా అమ్మమ్మలు రెండో రకం.

ఈ నవల ఎలా నడుస్తుందో మాకు పది పుస్తకాలు చదివేసరికి అర్థమైంది. దాన్ని నడిపించే ఇంధనం ప్రేమ కాదు, అపార్థం. సగం మాట చాటుగా వినడం, అందాల్సిన ఉత్తరం అందకపోవడం, అతను ఇంకెవరితోనో కారులో కనిపించడం. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పావుగంట మాట్లాడుకుంటే నవల నలభై పేజీల్లో అయిపోతుంది. కానీ మాట్లాడుకోరు, ఎందుకంటే ఇద్దరికీ అభిమానం. అసలు ఈ కథలు పత్రికలో భాగాలుగా అచ్చయినవి అని గుర్తు పెట్టుకుంటే ఈ కిటుకు తెలుస్తుంది. ప్రతి భాగం చివర పాఠకురాలు మళ్ళీ పత్రిక కొనేటట్టు ఒక ముడి వేయాలి. అపార్థం కంటే చవకైన ముడి ఏముంది? ఇప్పుడు ఫోనులో ప్రతిలిపి వంటి యాప్‌లలో వస్తున్న ధారావాహికలు కూడా అచ్చం అదే ముడి వేస్తున్నాయి. పత్రిక పోయి ఫోను వచ్చింది గానీ రాజశేఖరం మాత్రం పోలేదు.

రాజశేఖరం తెలియని చెల్లెళ్ళ కోసం చెబుతున్నాం. 'సెక్రటరీ'లో కథానాయకుడు. పొడగరి, ధనవంతుడు, కారు ఉంది, తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చూస్తాడు. జయంతి అతని దగ్గర ఉద్యోగం చేస్తుంది, అతన్ని నమ్మదు, తిరగబడుతుంది, చివరికి మనసిస్తుంది. మా బ్యాచ్‌లో ఈ పుస్తకం చదవనివాళ్ళు లేరు. దాపరికం లేకుండా చెప్పాలంటే మాకు ఇప్పటికీ ఇష్టమే. ఇష్టానికి కారణం రాజశేఖరం కాదు, జయంతి. డబ్బున్న మగవాడి ముందు తల దించుకోకుండా ఒక దిగువ మధ్యతరగతి ఆడపిల్ల మాట్లాడటం, తన జీతం తాను సంపాదించుకోవడం, ఆ రోజుల్లో అంత మామూలు విషయం కాదు. ఇంటర్వ్యూకి పోయే ముందు మాలో ఒకరు 'జయంతిలాగా కూర్చో' అని ఇంకొకరికి చెప్పుకున్న మాట నిజం.

అయితే ఇంకో సంగతి కూడా ఉంది. ఆ బంగళాలో కాఫీ ట్రే ఎవరు తెస్తారు? కారు గేటు ముందు హారన్ కొడితే పరుగెత్తుకొచ్చి తీసేది ఎవరు? ఈ రకం నవలలు ఏవి తీసుకున్నా ఆ మనుషులు గుమ్మం దాకా వస్తారు, వంచిన తల వంచినట్టే వెళ్ళిపోతారు. పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే 'పనిమనిషి'. మా అమ్మల్లో ఇద్దరు టౌనులో అటువంటి ఇళ్ళలోనే అంట్లు తోముతారు. నవలలో వంట గదిలోంచి చప్పుడు వినిపించిన ప్రతిసారీ మేము ఆ చప్పుడు దగ్గర ఆగిపోయేవాళ్ళం. జయంతి పేదరాలని రచయిత్రి అంటారు. మా లెక్కలో జయంతి కలిగిన ఇంటి పిల్ల.

యండమూరి వీరేంద్రనాథ్ గారి 'వెన్నెల్లో ఆడపిల్ల' చదివి మేము ఏడ్చాం. చదరంగం ఆటగాడు రేవంత్, పేరు చెప్పకుండా ఫోన్ చేసే అమ్మాయి. అతను ఆమె ఎవరో కనిపెట్టడానికి తెలివి ఉపయోగిస్తాడు. ముఖం చూడకుండా మాటను బట్టి ప్రేమ పుట్టడం మాకు నచ్చింది. (అప్పట్లో ఆ ఫోన్ బిల్లు ఎవరు కట్టారన్నది మా రూములో పెద్ద చర్చ.) 1995లో కన్నడంలో దీన్ని సినిమాగా తీశారు.

ఇక రెండో రకానికి వద్దాం. నగరంలో, మనకు తెలిసిన వీధుల్లోనే, దెయ్యమో రక్తపిశాచమో తిరిగే కథను ఇంగ్లీషులో అర్బన్ ఫాంటసీ అంటారని మేము పీజీకి వచ్చాక తెలుసుకున్నాం. పేరు తెలియకముందే తెలుగులో దానికి దగ్గరి చుట్టాన్ని చదివేశాం. అదే యండమూరి గారి 'తులసిదళం'. 1980లలో ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చింది, తర్వాత 'తులసి' అని రెండో భాగం. శ్రీధర్, శారద దంపతుల చిన్న పాప తులసి. ఆస్తి కోసం ఆ పాప మీద చేతబడి చేయిస్తారు. చేసేవాడు కద్ర అనే మాంత్రికుడు.

భయం పుట్టించడంలో ఈ పుస్తకానికి సాటి లేదు. రాత్రి బాత్రూముకు ముగ్గురం కలిసి వెళ్ళిన రోజులున్నాయి. ఎందుకంత భయం వేసిందో తర్వాత ఆలోచించాం. శ్మశానంలో దెయ్యం ఉంటే ఎవరూ భయపడరు, అది దాని ఇల్లే. కానీ ఆఫీసుకు వెళ్ళే నాన్న, ఇల్లు చూసుకునే అమ్మ, డాక్టర్లు, మందులు ఉన్న ఇంట్లోకి అది వస్తే ఎక్కడికి పారిపోతాం? పైగా రచయిత చాలా తెలివైన పని చేశారు. మంత్రం ఒకవైపు, వైద్యం, హిప్నాటిజం మరోవైపు నడిపి, పాపను కాపాడింది ఏదో మీరే తేల్చుకోండి అన్నట్టు వదిలేశారు.

ఆ వదిలేయడం దగ్గరే మాకు పేచీ.

మాలో ఒకరి నాయనమ్మ మంత్రసాని. కాన్పులు చేసేది. ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసింది ఆమె. ఆ పేరులోనే 'మంత్రం' ఉంది చూడండి, ఆ మాట పెట్టినవాళ్ళు గౌరవంగానే పెట్టి ఉంటారు. వయసు మీద పడి, మాట తడబడి, తనలో తాను గొణుక్కునే రోజుల్లో పక్క వీధిలో ఒక పసివాడు జ్వరంతో పోయాడు. ముందు రోజు ఆమె ఆ పసివాడిని ముద్దు చేసిందట. అంతే. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆమె వస్తుంటే పిల్లలను లోపలికి లాక్కునేవాళ్ళు. దుకాణంలో ఆమె ఇచ్చిన నోటును బల్ల మీద పెట్టమనేవాళ్ళు. పోయేదాకా అట్లాగే బతికింది. ఆమె అదృష్టవంతురాలని ఊళ్ళో అంటారు. నిజమే. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి నెపంతో పళ్ళు రాలగొట్టినవీ, చెట్టుకు కట్టేసి కొట్టినవీ, నిప్పు పెట్టినవీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఆ వార్తల్లో ఎక్కువగా కనిపించేది దిక్కు లేని ముసలివాళ్ళు, విధవరాళ్ళు, మన వాడల్లోని వాళ్ళు.

ఆ మనవరాలు 'తులసిదళం' రెండోసారి చదివినప్పుడు అడిగిన ప్రశ్న మేము మరిచిపోలేదు. "కద్రకు అన్నం ఎవరు వండుతారు?" అంది. తులసికి అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, బొమ్మలున్నాయి. కద్రకు మంత్రం తప్ప ఏమీ లేదు. ఎక్కడో దూరాన అడవి పల్లెలో ఉంటాడు కనుక చెడ్డవాడై ఉండాలి అన్నట్టుంది. డబ్బుకు ఆశపడి చేతబడి చేయించినవాళ్ళు నగరంలో ఉన్నారు, కానీ పుస్తకం మూశాక గుర్తుండే భయంకరమైన ముఖం అడవివాడిది.

ఈ నవలను విమర్శిస్తూ రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. మేము ఆ కోపంతో సగమే ఏకీభవిస్తాం. నవల చదివి ఎవరూ ముసలమ్మను కొట్టడానికి పోరు. కొట్టినవాళ్ళలో నవలలు చదివేవాళ్ళు ఎందరుంటారు? కానీ ఇంకో రకం మనిషి ఉన్నాడు. చదువుకున్నవాడు, ఉద్యోగం ఉన్నవాడు, ఊళ్ళో పంచాయితీ జరుగుతుంటే 'ఇది తప్పు' అని చెప్పగలిగినవాడు. వాడి మనసులో ఈ పుస్తకం 'ఏమో, ఉందేమో' అనే చిన్న సందు పెడుతుంది. ఆ సందు వల్ల వాడు నోరు మూసుకుంటాడు. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో మంత్రగత్తె అని ముద్ర వేయడాన్ని నేరం చేస్తూ చట్టాలు తెచ్చుకున్నాయి. మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ గారు మూఢనమ్మకాల మీద చట్టం కావాలని ఏళ్ళ తరబడి తిరిగితే, 2013 ఆగస్టు 20న ఆయన్ను పుణెలో కాల్చి చంపిన తర్వాత గానీ అది రాలేదు. 'ఏమో' అనే మాటకు అంత బలముంది.

సరే, ఇది మన దగ్గరి జబ్బేనా అంటే కాదు. స్టెఫనీ మేయర్ అనే అమెరికా రచయిత్రి 2005లో 'ట్వైలైట్' రాసింది. 2008 నాటికి నాలుగు భాగాలయ్యాయి, సినిమాలూ వచ్చాయి. ఇందులో ప్రేమ నవల, మంత్రాల నవల రెండూ ఒకే పుస్తకంలో కలిసిపోయాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఫోర్క్స్ అనే నిజమైన చిన్న ఊరు, ఎప్పుడూ వాన. బెల్లా అనే అమ్మాయి, ఎడ్వర్డ్ అనే రక్తపిశాచం. ఎడ్వర్డ్‌ను చూడగానే మేము గుర్తు పట్టేశాం. ధనవంతుడు, మంచి కారు, తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చూస్తాడు. రాజశేఖరమే! కోరలు మాత్రం అదనం. వయసు నూరేళ్ళు దాటినా ఇంకా స్కూలుకే వెళుతుంటాడు, ఎన్నిసార్లు తప్పాడో పాపం. ఆ పిల్ల నిద్రపోతుంటే ఆమెకు చెప్పకుండా గదిలోకి వచ్చి రాత్రంతా చూస్తుంటాడు. దాన్ని ప్రేమ అని రాశారు. మన హాస్టల్లో అయితే ఆయమ్మ చీపురు కట్ట తీసుకునేది. ఈ విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు, చెల్లెళ్ళూ. అడగకుండా వెంట పడేవాడు, దాక్కొని చూసేవాడు పుస్తకంలో ఎంత అందంగా ఉన్నా మన బస్టాండులో కనిపించేవాడే.

ఆ నవలలో కద్ర స్థానం కూడా ఖాళీగా లేదు. ఫోర్క్స్‌కు దగ్గరలో సముద్రపు ఒడ్డున లా పుష్ అనే చోట క్విలియూట్ అనే ఆదివాసీ జాతి నిజంగా ఉంది. వారిని రచయిత్రి తోడేళ్ళుగా మారే మనుషులుగా చేసింది. కొత్తగా కల్పించిన కథకు వారి పేరు, వారి ఊరు పెట్టింది. ఆ నవల వచ్చేనాటికి ఆ జాతికి ఉన్న నేల సుమారు ఒక చదరపు మైలు. అప్పట్లో సముద్రం పొంగి ఉంటే ముందు మునిగి ఉండేవి వారి బడి, వారి ఇళ్ళు. ఎత్తయిన నేలకు మారడానికి స్థలం ఇవ్వమని వారు చాలా కాలం పోరాడితే 2012లో ఆ దేశ ప్రభుత్వం చట్టం చేసి ఇచ్చింది. సినిమా చూసి వచ్చే యాత్రికులకు తమ అసలు కథ ఏమిటో చెప్పడానికి సియాటిల్‌లోని బర్క్ మ్యూజియంతో కలిసి వారు పనిచేయాల్సి వచ్చింది. తోడేళ్ళ గురించి ప్రపంచమంతా చదివింది. సునామీ భయం గురించి ఎంతమంది చదివారు?

ఇదంతా చదివి 'అయితే ఈ నవలలు చదవొద్దంటారా' అని ఎనిమిదో తరగతి చెల్లెలు ఒకామె అడిగింది. వద్దని ఎట్లా అంటాం? తెలుగు వాచకంలో పద్యం కూడబలుక్కునే మాకు గుక్క తిప్పుకోకుండా రెండు వందల పేజీలు చదవడం నేర్పింది ఇవే. డిగ్రీలో మా చేతికి లావు పుస్తకాలు వచ్చినప్పుడు భయం వేయకపోవడానికి కారణం పాఠాలు కాదు, రాజశేఖరమే. కాకపోతే చదివేటప్పుడు కాఫీ ట్రే తెచ్చినామె వంక కూడా ఒకసారి చూడండి. గోగు శ్యామల గారి 'ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం' పక్కన పెట్టుకొని చదివితే ఇంకా మంచిది. అవి నవలలు కావు, కథలు. మన వాడ లోపలి నుంచి రాసినవి.

మనవాడు కథానాయకుడిగా ఉన్న ప్రేమ నవల అసలు లేదా అంటే ఒకటి ఉంది. అదీ పాతదే, 1960లలోనిది. రంగనాయకమ్మ గారి 'బలిపీఠం'. దళితుడైన భాస్కర్, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి చిన్ననాడే భర్తను పోగొట్టుకున్న అరుణ. జబ్బుతో ఉన్న ఆమె సుమంగళిగా పోవాలని కోరుకుంటే అతను జాలితో పెళ్ళి చేసుకుంటాడు. ఆమె బతుకుతుంది. అక్కడి నుంచి అసలు కథ. మిగతా నవలలన్నీ పెళ్ళి దగ్గర ఆగిపోతే ఇది పెళ్ళి తర్వాత మొదలవుతుంది. కులం వంటింట్లోకి, చుట్టాల పలకరింపుల్లోకి, భార్యాభర్తల మాటల్లోకి ఎలా వస్తుందో చూపిస్తుంది. భాస్కర్ మరీ ఓర్పు మంతుడని మా ఫిర్యాదు. మనవాళ్ళలో కోపం వచ్చేవాళ్ళు కూడా ఉంటారు కదా! 1975లో దీన్ని దాసరి నారాయణరావు గారు శోభన్ బాబు, శారదలతో సినిమాగా తీశారు.

ఈ పుస్తకం మన హాస్టల్ గ్రంథాలయం బీరువాలో కింది అరలో ఉంది. అట్ట ఊడింది, చివరి ఆరు పేజీలు లేవు. మేము ముగింపు టౌను లైబ్రరీకి వెళ్ళి చదువుకున్నాం. పూర్వ విద్యార్థినుల్లో ఎవరి దగ్గరైనా పూర్తి ప్రతి ఉంటే ఆ ఆరు పేజీలూ జిరాక్స్ తీయించి పంపండి. అతికించే పని మేము చూసుకుంటాం.