పాటకు వంతపాడు బూరలు

నెల్లూరు తీరమున పెండ్లి ఊరేగింపు చూచినవారికి బ్యాండుమేళపు బూర క్రొత్త కాదు. దాని కేక వీథి చివరనుండియే వినవచ్చును. ఆ బూరయే నాలుగు గోడల నడుమ గాయకుని ప్రక్క నిలిచినచో, కంఠము దాని క్రింద మునిగిపోదా? ఈ ప్రశ్నకు సమాధానముగా ఒక అమెరికా బృందపు కథను మనవి చేయుదుము.

మొదట వాద్యములను గూర్చి. ట్రంపెట్, ట్రాంబోన్ అను వానియందు పెదవుల అదురే నాదమునకు మూలము. అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంటు పొందిన శాక్సఫోన్ యొడలు ఇత్తడిదైనను, పలుకునది రెల్లుపలక. ఈ విషయమున అది మన నాదస్వరమునకు చుట్టము.

సోల్ సంగీతము అమెరికాలోని నల్లజాతివారి చర్చి పాటలనుండి పెరిగినది. అచ్చట ఒకరు పలుకగా సభ బదులు పలుకును. బుర్రకథలో కథకునికి వంతలు పలికినట్లే! సోల్ పాటలో ఆ వంత పని బూరలకు దక్కినది. గాయకుడు ఊపిరి పీల్చుకొను చోట అవి పలుకవలెను. పాదము నడుచునప్పుడు తగ్గవలెను.

బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్ అను బృందము 1967లో న్యూయార్కున ఏర్పడి, రాక్ సంగీతమునకు బూరల వరుసను జతచేసెను. 1968 ఫిబ్రవరిలో తొలి ఆల్బమ్ వెలువడిన పిమ్మట, ముఖ్య గాయకుడగు అల్ కూపర్ బృందమును వీడెను. ఆ స్థానమునకు డేవిడ్ క్లేటన్-థామస్ వచ్చెను. రికార్డింగు నడుపుటకు జేమ్స్ విలియం గ్వెర్సియో అను నిర్మాతను వెలుపలినుండి పిలిచిరి. రెండవ ఆల్బమ్ 1968 డిసెంబరులో వెలువడి, 1970లో ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ బహుమతి పొందెను. బీటిల్స్ వారి 'అబ్బే రోడ్' సైతము ఆ పోటీలో నుండెను.

ఇచ్చట నిర్మాత యనగా కేవలము సొమ్ము పెట్టువాడు కాడు. వాయించువారికి తమ వాద్యమే ఎక్కువగా వినబడును. అద్దమునకు ఆవల కూర్చుండి మొత్తము పాటను వినువాడు నిర్మాత. బూర ఎచ్చట తగ్గవలెనో, ఏ ప్రయత్నమును నిలుపవలెనో తేల్చుట అతని పని.

అట్టి చెవి విలువ నెల్లూరువారెరుగుదురు. హరికథకులు సాంబమూర్తిగారి కుమారులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు 1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' చిత్రమునకు తొలిపాట పాడిరి. ఆ దినములలో టేపును తుడిచి మరల వాడుట కలదు. సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణిగారు ఆ టేపును తుడువనీయక ఇతర సంగీత దర్శకులకు వినిపించిరని బాలుగారే చెప్పియున్నారు. వినగల చెవి లేకున్న ఆ కంఠమునకు మరియొక అవకాశము ఎంత ఆలస్యమయ్యెడిదో! 2020 సెప్టెంబరు 25న కీర్తిశేషులైన బాలుగారు, తాము నెలకొల్పిన స్టూడియోకు కోదండపాణిగారి పేరే పెట్టిరి.

శ్రోతలకు చిన్న పరీక్ష. బూరలున్న పాట వచ్చినప్పుడు రేడియో ధ్వనిని బాగుగా తగ్గించి వినుడు. అప్పటికిని మాట స్పష్టముగా వినబడినచో, బూరలు తమ వంత యెరిగి పలికినవని గ్రహింపవచ్చును.