కథ వేఱు, భావము వేఱు

మచిలీపట్టణమునకు వెడలుమన్న కుంపిణీవారి యాజ్ఞను పాటింపక, విజయనగర ప్రభువు చినవిజయరామరాజు 1794 జూలై 10వ తేదీన పద్మనాభము కడ పోరి నేలకొఱిగెను. ఇది కథ. లోబడిన ప్రాణము దక్కెడిది గదా, ఏల లోబడలేదు? అని యడుగుడు. బాలుడు మానమను మాటను తానే పలుకును. అది భావము.

పద్యమునకైనను కథకైనను ఇట్టి ప్రశ్నయే త్రోవ. గైడులలోని నీతివాక్యమును వల్లింపజేయుట బోధన కాదు. గురజాడవారి ‘దిద్దుబాటు’ (1910)లో కమలిని లేఖ వ్రాసిపెట్టి, మంచము క్రింద దాగి, భర్త నడతను దిద్దినది. ఆమెకు చదువు రాకున్న నీ కథ నడచునా? ఇంతమాత్ర మడిగి ఉపాధ్యాయుడు మౌనము వహింపవలెను. విద్యార్థి భావమును తన మాటలలో చెప్పి, ఆధారమైన వాక్యమును చూపవలెను.

పరుల వ్యాఖ్యను వల్లించిన బాలుడు రేపు పరుల తీర్పునకే తలయొగ్గును. కావున పరీక్షలలో మార్కులను కంఠపాఠమునకు గాక ఈ యాధారమునకే యొసగవలెనని మేము కోరుచున్నాము.