మ్రియా: ఒక మహా సరుకు విమానము

2016 మే నెలలో శంషాబాదు విమానాశ్రయమున ఒక అపూర్వమైన అతిథి దిగినది. ఆరు ఇంజనులు, 32 చక్రములు, 84 మీటర్ల పొడవు, 88 మీటర్లకు మించిన రెక్కల విస్తారము గల ఆ విమానము పేరు ఆంటొనోవ్ 225. ఉక్రెయిను వారు దానిని 'మ్రియా' అందురు, స్వప్నమని అర్థము. ప్రాగ్ నగరము నుండి ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమునకు 110 టన్నులకు పైబడిన ఒక విద్యుత్ జనరేటరును కొనిపోవుచు అది దారిలో మన నగరమున ఆగినది. అంతటి విమానము ఏకధాటిగా ఎగురలేదా? మన ఊర దిగవలసిన పని యేమి? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొన్నచో సరుకు విమానముల నిర్మాణములోని మర్మము చాలవరకు బోధపడును.

ఇందులకు చిన్న లెక్క చాలును. మ్రియా నేలను విడుచునపుడు ఉండదగిన గరిష్ఠ బరువు 640 టన్నులు. ఖాళీ విమానము బరువే దాదాపు 285 టన్నులు. మిగిలిన 355 టన్నులను సరుకూ ఇంధనమూ పంచుకొనవలెను. సరుకు 200 టన్నులైనచో ఇంధనమునకు మిగులునది 155 టన్నులే. అపుడు విమానము సుమారు 4,000 కిలోమీటర్లు మాత్రమే పోగలదు. సరుకు లేక ట్యాంకుల నిండుగ ఇంధనము నింపుకొన్నచో 15,000 కిలోమీటర్లకు పైగా పోగలదు. ప్రాగ్ నుండి పెర్తునకు నేరు దూరమే 13,000 కిలోమీటర్లు దాటును. కావుననే తుర్క్‌మెనిస్తానులో ఒకమారు, హైదరాబాదులో ఒకమారు, కౌలాలంపూరులో మరియొకమారు దిగి ఇంధనము నింపుకొనుచు పోయినది. మోయగల బరువు, పోగల దూరము అను రెండును ఒకే తక్కెడలోని రెండు పళ్ళెములు.

అసలు ఈ విమానము జనరేటర్ల కొరకు పుట్టినది కాదు. సోవియట్ ప్రభుత్వము నిర్మించిన 'బురాన్' అను అంతరిక్ష నౌకను వీపుపై మోసికొనిపోవుటకు కీవ్ నగరమునందలి ఆంటొనోవ్ సంస్థ దీనిని రూపొందించినది. 1982లో తొలిసారి ఎగిరిన 'రుస్లాన్' అను ఆంటొనోవ్ 124 విమానమే దీనికి మాతృక. దాని దేహమును పొడిగించి, నాలుగు ఇంజనులకు మరి రెండు చేర్చి, 24 చక్రములను 32 చేసిరి. వీపుపై నౌక ఉన్నపుడు వెనుకకు పోవు గాలి చెదరును. తోక నడుమనున్న ఒంటి చుక్కానికి ఆ గాలి సరిగా తగులదు. అందువలన ఇరువైపుల చివరలందు రెండు చుక్కానులను అమర్చిరి. మ్రియా 1988 డిసెంబరులో తొలిసారి ఎగిరి, మరుసటి సంవత్సరము బురాన్‌ను వీపున మోసినది.

ఇక సరుకు గది సంగతి. దాని పొడవు 43 మీటర్లు, వెడల్పు 6.4 మీటర్లు, ఎత్తు 4.4 మీటర్లు. మన కళాశాలలోని తరగతి గదులు నాలుగైదు వరుసగ అందులో ఇముడునేమో! విమానము ముక్కు భాగమంతయు పైకి లేచును. ముందు చక్రములు ముడుచుకొనగా విమానము ఏనుగు వలె మోకరిల్లి, గది ముందంచు నేలకు దగ్గరగును. అపుడు సరుకును పట్టాలపై మెల్లగ లోనికి జరుపుదురు. రుస్లానుకు వెనుక ద్వారము కూడ కలదు. బరువు తగ్గించుటకై మ్రియాకు దానిని మానివేసిరి.

లోనికి చేర్చుటతో పని తీరదు. ఎడ్లబండిలో సరుకు వెనుకకెక్కువైనచో కాడి పైకి లేచును. ముందుకెక్కువైనచో ఎద్దుల మెడలు వంగును. విమానమునకును అంతే. సరుకు గరిమనాభి ఉండవలసిన చోటు నుండి తొలగినచో విమానము అదుపు తప్పును. గాలిలో సరుకు కదలినను ప్రమాదమే. కనుక గొలుసులతో బిగించి కట్టుదురు. మరియొక చిక్కు కలదు. పది టన్నుల పెట్టెలు ఇరువది ఎక్కించుట వేరు, ఒకే ముక్కగ దాదాపు 200 టన్నులు ఎక్కించుట వేరు. ఆ బరువంతయు ఒకేచోట పడినచో గది నేల నిలువదు. 2009 ఆగస్టులో 187.6 టన్నుల జనరేటరును జర్మనీ నుండి ఆర్మీనియాకు చేర్చినపుడు, బరువును నేలపై విస్తారముగ పరచుటకు ప్రత్యేకమైన చట్రము తయారు చేయవలసి వచ్చినది. విమానమెక్కిన ఏకఖండ సరుకులలో అంతకు మించినది లేదు.

ఓడలుండగా ఇంత వ్యయమేల అని వాణిజ్యశాస్త్రము చదువు మిత్రులు అడుగవచ్చును. విద్యుత్కేంద్రము నెలల తరబడి నిలిచిపోయినచో కలుగు నష్టమును కూడ లెక్కలో వేసికొనవలెను. పైగా సముద్రము లేని ఆర్మీనియా వంటి దేశమునకు ఓడ పోదు. కొండదారులలో వంతెనలు అంత బరువునకు ఓర్వవు.

ఎగిరిన మ్రియా ఒక్కటే. సోవియట్ యూనియన్ అంతరించిన పిమ్మట దాని ఇంజనులను ఊడదీసి రుస్లానులకు వాడుకొనిరి. ఏండ్ల తరబడి మూలబడి, 2001లో మరల ఎగిరినది. 2022 ఫిబ్రవరిలో రష్యా దండెత్తినపుడు కీవ్ చెంతనున్న హోస్తోమెల్ విమానాశ్రయములో జరిగిన పోరాటములో అది ధ్వంసమైనది. ఎనుబదులలో ఆరంభించిన రెండవ మ్రియా దేహము పూర్తికాక నిలిచిపోయినది. నేడు పెద్ద సరుకులకు రుస్లానులే దిక్కు. వాటి శక్తి 120 మొదలు 150 టన్నుల వరకే. ఆర్మీనియా జనరేటరు వంటిది మరల పంపవలసి వచ్చినచో దానిని ముక్కలుగ తయారు చేసి అక్కడ కూర్చవలెను. లేదా నౌకపైనను నేలదారినను నెలల తరబడి లాగుకొనిపోవలెను.