చదివాకే సంతకం

ఒక ఊళ్లో ఒక అవ్వ. ఎకరం పొలం ఉంది. కౌలు డబ్బుతోనే తిండి, మందులు.

"పొలం నా పేర రాయమ్మా! నిన్ను నేను చూసుకుంటా" అన్నాడు కొడుకు. అవ్వ ఆలోచనలో పడింది.

దానపత్రం రిజిస్టరయితే పొలం వెంటనే కొడుకుదవుతుంది. వీలునామా అయితే అవ్వ పోయాకే వస్తుంది. బతికున్నంత కాలం మార్చుకోవచ్చు. తెల్ల కాగితం చాలు. ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి.

దానమే ఇవ్వాలనుకుంటే, "నన్ను పోషించాలి" అని పత్రంలోనే షరతు రాయించాలి. కొడుకు మాట తప్పితే, 60 ఏళ్లు నిండిన తల్లి ఆర్.డి.ఓ. దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. 2007 నాటి చట్టం ప్రకారం ఆ దానాన్ని రద్దు చెయ్యవచ్చు. షరతు లేకపోతే రద్దు కష్టం.

అవ్వ వీలునామా రాయించింది. కూడబలుక్కుని చదివింది. ఆ తర్వాతే సంతకం పెట్టింది. కౌలు డబ్బు ఇప్పటికీ అవ్వ చేతికే వస్తోంది.