అంగన్‌వాడీ టీచర్ ట్రైనింగ్ వల్ల మీ బిడ్డకు ఏం అందాలి?

వర్ని మండలంలోని గర్భిణులు, బాలింతలు, 6 ఏళ్లలోపు పిల్లల తల్లిదండ్రుల కోసం

"టీచర్ ఎప్పుడు చూసినా ఫోన్‌లనే ఉంటది", "ట్రైనింగ్ అని పోయింది" అనే మాట మీరు వినే ఉంటారు. ఆ ఫోన్‌లో ఏముంది? ట్రైనింగ్ ఎందుకు? దానితో మీకు ఏం లాభం? ఒక్కొక్కటిగా తెలుసుకోండి.

ట్రైనింగ్ లెక్క ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో

పూర్వం శిక్షణ అంటే రిజిస్టర్‌లో సంతకం పెట్టి రావడమే. ఎవరు నేర్చుకున్నారు, ఎవరు మధ్యలో లేచి వెళ్లారు అన్నది తేలేది కాదు. 2020 సెప్టెంబర్ 2న కేంద్ర మంత్రివర్గం 'మిషన్ కర్మయోగి'ని ఆమోదించింది. దాని కింద ప్రభుత్వ ఉద్యోగుల కోసం 'ఐగాట్ కర్మయోగి' అనే ఆన్‌లైన్ వేదిక నడుస్తోంది. ఉద్యోగి తన ఫోన్‌తో లాగిన్ అవుతారు, వీడియో పాఠం చూస్తారు, ప్రశ్నలకు జవాబులు ఇస్తారు, పాసైతే సర్టిఫికెట్ వస్తుంది. ఎవరు ఏ కోర్సు పూర్తి చేశారో డిపార్ట్‌మెంట్‌కు కనిపిస్తుంది.

అంగన్‌వాడీ టీచర్లకు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే శిక్షణ కూడా ఉంది. దాని పేరు 'పోషణ్ భీ పఢాయీ భీ', అంటే తిండితో పాటు చదువు కూడా. 2023 మే 10న ఇది మొదలైంది. ముందు అధికారులు, సూపర్‌వైజర్లు నేర్చుకుంటారు, తర్వాత వాళ్లే టీచర్లకు నేర్పుతారు.

టీచర్ ఫోన్‌లో రోజూ వాడే 'పోషణ్ ట్రాకర్' వేరు. 2021 మార్చి నుంచి నడుస్తున్న ఈ యాప్‌లో మీ పేరు, హాజరు, బిడ్డ బరువు, ఎత్తు ఎక్కుతాయి. ఇది ట్రైనింగ్ యాప్ కాదు, మీ రికార్డు.

సాఫ్ట్‌వేర్‌కు కనిపించనిది

పాఠం పూర్తయిందా లేదా అన్నది సాఫ్ట్‌వేర్ చెప్తుంది. ఆ పాఠం మీ బిడ్డ దాకా వచ్చిందా అన్నది చెప్పలేదు. బరువు సరిగ్గా చూడకుండా అంకె ఎక్కిస్తే, తప్పు అంకె కూడా యాప్‌లో ఒప్పు లాగానే కనిపిస్తుంది. బిడ్డ చిక్కిపోతున్న సంగతి ఎవరికీ తెలియదు. అందుకే తూకం రోజు మీరు దగ్గరుండి ఇవి గమనించండి:

• బిడ్డను ఎక్కించే ముందు తూకం మిషన్ సున్నా చూపాలి. మందం బట్టలు, చెప్పులు తీసేయాలి.

• 2 ఏళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి పొడవు కొలవాలి. 2 ఏళ్లు దాటితే నిలబెట్టి ఎత్తు కొలవాలి.

• 6 నెలల నుంచి 5 ఏళ్ల పిల్లలకు జబ్బ చుట్టుకొలత తీసినప్పుడు 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే అది తీవ్రమైన పోషకాహార లోపం. ఆలస్యం చేయకుండా ఏఎన్ఎమ్‌కు చెప్పి, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి.

• 6 నెలలు నిండేదాకా తల్లిపాలే ఇవ్వాలి. నిండగానే పాలతో పాటు మెత్తటి తిండి మొదలుపెట్టాలి. ఎంత, ఎన్నిసార్లు పెట్టాలో టీచర్ మీకు చెప్పాలి.

తూకం అయ్యాక "మా బాబు బరువు ఎంత వచ్చింది? పోయిన నెల ఎంత?" అని అడగండి. అడగడం మీ హక్కు. నాట్ల పనికి, కూలికి పోయే తల్లులు తూకం రోజు ఎప్పుడో ముందే తెలుసుకుని, ఆ పూట బిడ్డతో ఇంట్లో ఒకరు పోయేటట్టు చూసుకోండి.

ట్రైనింగ్ రోజుల్లో భోజనం

ఆరోగ్యలక్ష్మి పథకం 2015 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇందులో వస్తాయి. 7 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం ఇస్తారు. టీచర్ ట్రైనింగ్‌కు పోతున్నట్టు తెలిస్తే, ఆ రోజుల్లో సెంటర్ ఎవరు తెరుస్తారో, భోజనం ఎవరు పెడతారో ముందే అడగండి.

ముఖం గుర్తింపు పడకపోతే

ఇంటికి ఇచ్చే పోషకాహారానికి 2025 జూలై 1 నుంచి పోషణ్ ట్రాకర్‌లో ముఖం గుర్తింపు తప్పనిసరి చేశారు. ఫొటో కలవకపోతే ఊరికే తిరిగి రాకండి. ఆధార్ ఈకేవైసీ మళ్లీ చేయమని టీచర్‌ను అడగండి. టీచర్‌కు కూడా తెలియకపోతే సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయించండి. కాన్పుకు పుట్టింటికి పోతుంటే ముందే చెప్పండి. మీ పేరును అక్కడి సెంటర్‌కు మార్చే వీలు యాప్‌లో ఉంది.

జాగ్రత్త: పేరు ఎక్కించడానికి ఎవరికీ పైసలు ఇవ్వొద్దు. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పొద్దు.

ఎవరికి చెప్పాలి?

1. ముందు టీచర్‌కు. యాప్ సతాయించినా, నెట్ లేకపోయినా తిప్పలు ఆమెకూ ఉంటాయి. నిమ్మళంగా అడగండి.
2. అక్కడ తేలకపోతే సెక్టార్ సూపర్‌వైజర్‌కు.
3. అప్పటికీ కాకపోతే ప్రాజెక్టు సీడీపీఓ ఆఫీసులో కాగితం మీద రాసి ఇవ్వండి. తేదీ వేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.
4. పోషణ్ హెల్ప్‌లైన్ నంబర్: 14408.

చదవడం రాని తల్లులకు ఇది చదివి వినిపించండి. మీ ఊరి గ్రూపుల్లో పంపండి.