అడుగు వెయ్యడం కూడా నేర్చుకోవాలా?



తాయ్ చీ అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. టీవీలో చూసి కూడా ఉంటారు. తెల్లవారేసరికి పార్కులో వయసు మళ్ళినవాళ్ళు గుంపుగా నిలబడి, మెడలోతు నీళ్ళలో ఉన్నట్టు నెమ్మదిగా చేతులూ కాళ్ళూ కదిలిస్తూ ఉంటారు. బీజింగులో టెంపుల్ ఆఫ్ హెవెన్ అనే పెద్ద ఉద్యానవనం ఉంది. అక్కడ పొద్దున్నే ఇది మామూలుగా కనిపించే దృశ్యం.

చూడగానే మనకు కలిగే సందేహం ఒకటి: "ఇదేం కసరత్తమ్మా, చెమటైనా పట్టదు!" ఆ వెంటనే ఇంకోటి: "లేచింది మొదలు పడుకునేదాకా ఇంట్లో తిరుగుతూనే ఉంటాం. ఇంటెడు చాకిరీ చేసేవాళ్ళకి వేరే వ్యాయామం కూడానా?" ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది. అది మనం అడుగు వేసే తీరులో ఉంది. ఆ సంగతే ఈ వేళ మాట్లాడుకుందాం.

ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెబుతాను. తాయ్ చీ అసలు పేరు తాయ్ జీ చువాన్. 'చువాన్' అంటే పిడికిలి. పేరులోనే ఉంది చూశారా, ఇది మొదట పోరాట విద్య. చైనాలోని హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశంవాళ్ళ పల్లె ఒకటి ఉంది. అక్కడ తరతరాలుగా ఆ కుటుంబాలవాళ్ళు ఈ విద్యను సాధన చేస్తూ వచ్చారు. 19వ శతాబ్దంలో యాంగ్ లూ చాన్ అనే ఆయన ఆ పల్లెలో నేర్చుకుని, తర్వాత బీజింగులో నేర్పాడు. ఆయన మనుమడు యాంగ్ చెంగ్ ఫూ 1883లో పుట్టి 1936లో పోయారు. ఈనాడు లోకమంతా చూస్తున్న నెమ్మదైన, ఒకే వేగంతో సాగే పద్ధతి ఆయన చేతిమీదుగా వ్యాపించిందే. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా కమిషన్ అందరికీ అందుబాటులో ఉండేలా 24 భంగిమలతో ఒక చిన్న వరస తయారు చేయించింది. అది పూర్తి చెయ్యడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. 2020లో యునెస్కోవారు ఈ విద్యను మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చారు.

ఇది మగవాళ్ళ విద్య అనుకునేరు. వూ యింగ్ హ్వా అనే ఆవిడ తండ్రి దగ్గర ఈ విద్య నేర్చుకుని, షాంఘైలో ఎంతోమందికి గురువు అయింది. 1996లో పోయేనాటికి ఆవిడకు తొంభై ఏళ్ళు దగ్గరపడ్డాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. యాంగ్ చెంగ్ ఫూ తన శిష్యులకు పది సూత్రాలు చెప్పారు. పదీ ఒక్కసారి చెబితే బుర్రకెక్కవు. మనకు బాగా పనికివచ్చేవి కొన్ని చెబుతాను.

అన్నిటికీ పునాది కాళ్ళ సంగతి. మనం రోజూ ఎలా నడుస్తామో ఒకసారి గమనించండి. ఒళ్ళు ముందుకు వాలుతుంది. పడిపోకుండా కాలు ముందుకెళ్ళి ఆపుతుంది. మళ్ళీ వాలడం, మళ్ళీ ఆపడం. నేల బాగున్నంతసేపూ దీంతో చిక్కేమీ లేదు. కానీ స్నానాలగదిలో సబ్బునీళ్ళు ఉన్నాయనుకోండి. పాదం నేలకు ఆనేసరికే ఒంటి బరువంతా దానిమీదికి వచ్చేసి ఉంటుంది. జారుతున్నదని తెలిసినా వెనక్కి తీసుకోలేం.

తాయ్ చీలో అడుగు వేసే తీరే వేరు. ముందుగా బరువంతా ఒక కాలిమీదికి తెచ్చుకుంటారు. అది నిండు కాలు. రెండోది ఖాళీ కాలు. నిండుబిందె, ఖాళీబిందె అంటామే, అలాగన్నమాట. ఖాళీ కాలిని మెల్లగా ముందుకు చాచి మడమ ఒక్కటే నేలకు ఆనిస్తారు. అప్పటికి ఆ కాలిమీద బరువు లేదు. "ఆగు" అని ఎవరైనా అంటే ఒళ్ళు తూలకుండా ఆ కాలిని తిరిగి వెనక్కి తీసుకోగలగాలి. నేల నిలకడగా ఉందని తేలాకే, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నూనె వంచినట్టు, బరువును కొంచెం కొంచెంగా దానిమీదికి ఒంపుతారు. అది నిండేసరికి వెనకకాలు ఖాళీ అవుతుంది. ఈ అడుగును పిల్లి అడుగుతో పోలుస్తారు. గోడమీద నడిచే పిల్లిని చూడండి, ముందు పంజాతో తడిమి చూసి, ఆ తర్వాతే బరువు మోపుతుంది.

వెనక్కి తీసుకోగల అడుగే వెయ్యాలి. ఇన్ని సూత్రాల్లో నేను మిమ్మల్ని గుర్తు పెట్టుకోమనేది ఈ ఒక్కటే. మిగతావన్నీ దీనికి సాయం చేసేవే.

రెండో సంగతి తల. నడినెత్తిన దారం కట్టి పైకి లాగుతున్నట్టు తల నిటారుగా ఉండాలంటారు. మెడ మాత్రం బిగుసుకోకూడదు. మన పల్లెల్లో నెత్తిమీద నీళ్ళబిందె పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళను గుర్తు తెచ్చుకోండి. తల అటూ ఇటూ ఊగదు, చూపు నేలకు అతుక్కుపోదు, నడుము మాత్రం అడుగు అడుగుకీ సర్దుకుంటూ ఉంటుంది. వాళ్ళకు ఎవరూ సూత్రాలు చెప్పలేదు. నెత్తిమీది బిందే నేర్పింది.

మూడోది భుజాలు. భుజాలు కిందికి దిగి ఉండాలి, మోచేతులు వేలాడుతూ ఉండాలి. ఇప్పుడు ఇది చదువుతున్నప్పుడు మీ భుజాలు ఎక్కడున్నాయో చూసుకోండి. చెవుల దాకా వచ్చి ఉన్నాయా? కూరలు తరిగేటప్పుడూ, చపాతీలు ఒత్తేటప్పుడూ మనకు తెలియకుండానే భుజాలు పైకి లేచి బిగుసుకుపోతాయి. కత్తికి కావలసినంత బలం చాలదన్నట్టు మెడకీ, పళ్ళకీ కూడా పని చెబుతాం. సాయంత్రానికి మెడ లాగేస్తోందంటే లాగెయ్యదూ మరి!

నాలుగోది నడుము. చేతులు వాటంతట అవి కదలకూడదు. నడుము తిరుగుతుంది, చేతులు దాని వెంట వస్తాయి. తలుపు తిరిగితే గడియ దాంతోపాటు రాదూ? అలాగే. 'మబ్బు చేతులు' అనే భంగిమలో రెండు చేతులూ మొహం ముందు, పొట్ట ముందు వంతులవారీగా మబ్బుల్లా సాగుతాయి. చూసేవాళ్ళకి చేతులే కనిపిస్తాయి. నిజానికి పనంతా కాళ్ళదీ నడుముదీ. ఇందులోనే మోకాలి జాగ్రత్త కూడా ఉంది. పాదం ఎటు చూస్తే మోకాలు అటే చూడాలి. పాదం ఒకవైపూ మోకాలు ఇంకోవైపూ మెలి తిరిగితే కీలుకు చేటు.

అయిదోది ఒళ్ళు వదులు చెయ్యడం. వదులు అంటే తడిబట్టలా వేలాడిపోవడం కాదు. పనికి ఏ కండ కావాలో అదే పనిచెయ్యాలి, మిగతావి విశ్రాంతిగా ఉండాలి. బలం కంటే ముందు మనసు వెళ్ళాలంటారు. చెయ్యి ఎక్కడికి పోవాలో ముందు మనసులో అనుకుంటే, చెయ్యి తక్కువ శ్రమతో అక్కడికి చేరుతుంది. ఇలా ఒక భంగిమ పూర్తయ్యేలోగా ఇంకోటి మొదలై, వరస అంతా తెగని దారంలా సాగిపోతుంది. ఊపిరి బిగపట్టకూడదు, మామూలుగా ఆడనివ్వాలి.

సరే, ఇంత నెమ్మది ఎందుకు? సైకిలు సంగతి ఆలోచించండి. వేగంగా పోతున్నంతసేపూ ఎవరైనా తొక్కుతారు. బాగా నెమ్మదిగా పోనిస్తేనే తూకం వచ్చిందో లేదో తెలుస్తుంది. మనిషి నడక కూడా అంతే. తొందరగా నడుస్తుంటే ఆ ఊపు మనల్ని లాక్కుపోతుంది, తప్పులు కప్పిపుచ్చుతుంది. ఊపు తీసేస్తే ప్రతి అంగుళమూ కండలే మోయాలి. అందుకే చెమట పట్టలేదనుకున్నవాళ్ళకు పది నిమిషాలయ్యేసరికి తొడలు వణుకుతాయి.

మనల్ని నిలబెట్టడానికి మెదడుకు మూడుచోట్ల నుంచి వార్తలు అందుతాయి. ఒకటి కళ్ళు. రెండోది చెవి లోపలుండే చిన్న నిర్మాణం. మూడోది అరికాళ్ళు, కీళ్ళు, కండలు. వయసు పెరిగేకొద్దీ మూడూ కొంచెం కొంచెం మందగిస్తాయి. రాత్రి కరెంటు పోయిందనుకోండి, కళ్ళ వార్త ఆగిపోతుంది. అప్పుడు అరికాలు చెప్పే కబురే దిక్కు. నెమ్మదిగా అడుగు వేస్తూ, బరువు మడమమీద ఉందా, మునివేళ్ళమీద ఉందా అని గమనించడం ఆ కబురు వినడానికి అలవాటు పడటమే.

ఇంటిపని చాలదా అన్నారు కదా. ఇంటిపనిలో శ్రమ ఉంది, కాదనను. కానీ అప్పుడు మనసు ఒంటిమీద ఉండదు. పొయ్యిమీద పాలు, గుమ్మంలో కూరలబండి, బడికి టైమైపోయిన పిల్లలు, వీటిమీద ఉంటుంది. ఎప్పుడూ ఆ కుడిచేతినే వాడతాం, ఆ ఒక్క వైపే వంగుతాం. పని గడుస్తుంది గాని ఒంటికి చదువు అబ్బదు.

ఆ చదువు ఎందుకు అవసరమో చెబుతాను. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళ ఎముకల్లో గట్టితనం తగ్గుతూ వస్తుంది. ఆ వయసులో జారి పడితే మణికట్టో, తుంటి ఎముకో విరగడం మనం చూస్తున్నదే. తుంటి విరిగి మంచాన పడ్డ మనిషి మళ్ళీ మునుపటిలా తిరగడం కష్టం. ఎముక విరగకపోయినా భయం పట్టుకుంటుంది. పడతానేమోనని గడప దాటదు, మేడ ఎక్కదు. కదలకపోతే కాళ్ళలో బలం ఇంకా తగ్గి, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. గిరగిర తిరిగే చక్రం ఇది.

ఈ విషయంలో డాక్టర్లు కూడా పరిశోధనలు చేశారు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, వణుకుడు రోగమైన పార్కిన్సన్స్ ఉన్న 195 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు తాయ్ చీ, ఒక జట్టుకు బరువులతో కండలు పెంచే వ్యాయామం, ఇంకో జట్టుకు ఒళ్ళు సాగదీసే వ్యాయామం. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు చేయించారు. 2012లో ఫలితాలు వెలువడ్డాయి. నిలకడలో తాయ్ చీ జట్టు మిగతా రెండింటికన్నా మెరుగ్గా ఉంది. ఒళ్ళు సాగదీసినవాళ్ళకంటే వీళ్ళు పడటం తక్కువైంది. రోగం నయమైందని కాదు సుమండీ, నిలకడ కుదిరింది. అంతవరకే మనం చెప్పుకోవాలి.

ఇప్పుడు ఇంట్లో చేసుకోగలిగినవి మూడు చెబుతాను. నేల పొడిగా ఉండాలి. వంటింటి గట్టు పక్కన నిలబడండి, ఒక చెయ్యి దానిమీద ఆనించుకోవచ్చు. చీర కుచ్చెళ్ళు కాలికి అడ్డం పడకుండా కాస్త ఎత్తి దోపుకోండి.

మొదటిది: పాదాలు రెండూ భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్ళు రవంత సడలించండి. బరువును ఒక కాలినుంచి ఇంకో కాలిమీదికి, మనసులో ఆరు లెక్కపెడుతూ ఒంపండి. తల పైకీ కిందికీ ఊగకూడదు.

రెండోది: చేతులు రెండూ ముందుకు, భుజాల ఎత్తుకు మెల్లగా లేపి, అంతే మెల్లగా దించండి. చేతులు లేస్తాయి, భుజాలు లేవకూడదు. 24 భంగిమల వరస మొదలయ్యేది దీంతోనే.

మూడోది: ఖాళీ అడుగు. ఒక కాలిమీద నిలిచి, రెండో కాలిని జానెడు ముందుకు చాచి మడమ ఆనించి, బరువు వెయ్యకుండా వెనక్కి తెచ్చుకోండి. ఒక్కో కాలితో అయిదుసార్లు. వెనక్కి తేలేకపోతే అడుగు పెద్దదైందన్నమాట, చిన్నది చేసుకోండి.

రోజుకు పది నిమిషాలు చాలు. మోకాళ్ళు ఎక్కువ వంచకండి, మోకాలు మునివేళ్ళు దాటి ముందుకు పోకూడదు. కళ్ళు తిరిగే జబ్బు ఉన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, ఎముకలు బలహీనమని తెలిసినవాళ్ళు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. బీపీకో సుగరుకో మందులు వాడుతుంటే, ఇది చేస్తున్నాం కదా అని వాటిని మానకండి. పూర్తి వరస నేర్చుకోవాలంటే మాత్రం తెలిసిన గురువు దగ్గరే నేర్చుకోవాలి. మన వెన్ను ఎలా ఉందో మన కళ్ళకు కనబడదు కదా.

చంటిపిల్ల తొలి అడుగు వేస్తే ఇల్లంతా చప్పట్లు కొడతాం. ఆ తర్వాత ఆ అడుగు సంగతి ఎవరూ పట్టించుకోరు. యాభయ్యో ఏట, అరవయ్యో ఏట దాన్ని మళ్ళీ నేర్చుకోవడంలో చిన్నతనమేమీ లేదు. రేపు పొద్దున స్నానాలగది గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కాలు ఖాళీగా పెట్టి, నేలను తడిమి చూసి, అప్పుడు బరువు మోపండి. మీ ఇంట్లో అత్తగారో అమ్మగారో ఉంటే వాళ్ళకీ చెప్పండి.