ఒంటరి ఓటు

ఎన్నికలొస్తే మన ఓటు ఎవరి మాట విని వేస్తాం? ఇంటాయన మాటా? ఊరి పెద్ద మాటా? మన మనసు చెప్పిన మాటా? అమెరికాలో జెనెట్ రాంకిన్ అనే ఆమె ఏం చేసిందో చదవండి.

జెనెట్ 1880లో మోంటానాలో పుట్టింది. వాళ్లది పశువులు, పొలం ఉన్న కుటుంబం. పిల్లల్లో ఆమే పెద్దది. కాలేజీలో చదువుకుంది. కొన్నాళ్లు పంతులమ్మగా పనిచేసింది. బట్టలు కూడా కుట్టింది.

ఆ రోజుల్లో అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్లకు ఓటు లేదు. జెనెట్ ఊరూరూ తిరిగి సభలు పెట్టింది. ఎందరో ఆడవాళ్లు కలిసి పోరాడారు. 1914లో మోంటానా ఆడవాళ్లకు ఓటు వచ్చింది.

1916లో జెనెట్ ఎన్నికల్లో గెలిచింది. అమెరికా పార్లమెంటును కాంగ్రెస్ అంటారు. మన కాంగ్రెస్ పార్టీ వేరు, ఇది వేరు. ఆ సభకు ఎన్నికైన మొదటి ఆడమనిషి ఆమే.

నోట్లు అచ్చువేసే ప్రభుత్వ ప్రెస్సులో ఆడవాళ్ల చేత చాలా గంటలు పని చేయించేవారు. వాళ్లు జెనెట్‌తో చెప్పుకున్నారు. ఆమె పట్టుబట్టింది. పని రోజుకు 8 గంటలకు తగ్గింది.

1917 ఏప్రిల్‌లో ప్రపంచ యుద్ధంలో దిగాలా, వద్దా అని సభలో ఓటు పెట్టారు. ఆమె సభలో చేరి నాలుగు రోజులే అయింది. అయినా "వద్దు" అంది. ఇంకో 49 మంది కూడా వద్దన్నారు. కానీ ఎక్కువ తిట్లు తిన్నది ఆమే. 1918లో సెనేట్ అనే పెద్ద సభకు పోటీ చేసి ఓడిపోయింది.

1920లో ఆడవాళ్ల ఓటు హక్కు అమెరికా రాజ్యాంగంలో చేరింది. అయినా నల్లజాతి ఆడవాళ్లను చాలాచోట్ల ఓటు వేయనివ్వలేదు.

1940లో జెనెట్ మళ్లీ గెలిచింది. 1941 డిసెంబరు 7న జపాన్ విమానాలు అమెరికా ఓడల మీద బాంబులు వేశాయి. మర్నాడు సభలో ఓటు పెట్టారు. యుద్ధం కావాలన్నది 388 మంది. వద్దన్నది ఒక్క జెనెట్. ఆడదానిగా తాను యుద్ధానికి వెళ్లలేనప్పుడు ఇంకొకరిని పంపనని ఆమె చెప్పింది. జనం కోపంతో చుట్టుముట్టారు. ఆమె టెలిఫోన్ గదిలో దాక్కుంది. పోలీసులు వచ్చి కాపాడారు. తర్వాతి ఎన్నికల్లో ఆమె నిలబడలేదు.

గాంధీగారి అహింస అంటే ఆమెకు ఎంతో గౌరవం. 1946 నుంచి 1971 లోపు ఏడుసార్లు మన దేశం వచ్చింది. 1968లో, 87 ఏళ్ల వయసులో, వియత్నాం యుద్ధం ఆపాలని వేలమంది ఆడవాళ్లతో కలిసి నడిచింది. 1973లో చనిపోయింది.

1941లో ఆమె వేసిన ఓటు తప్పని అనేవాళ్లున్నారు. ఒప్పని అనేవాళ్లూ ఉన్నారు. ఏదైనా అది ఆమె సొంత ఓటు. ఎవరికో భయపడి వేసింది కాదు.

మాట్లాడుకోండి:
1. జెనెట్ చోట మీరుంటే ఏమనేవారు?
2. మీ ఓటు ఎవరికి వెయ్యాలో ఎవరు చెబుతున్నారు?